ఉప్పు తగినంత

మన సాహిత్యవిమర్శకులు నిత్యము వాడు మాటలలో ముఖ్యమైనది రసము. భరతముని నాట్యశాస్త్రము ఆఱవ యధ్యాయమున ఈ మాటకు అర్థము చెప్పవలసి వచ్చినప్పుడు వంటయింటినే దృష్టాంతముగా గైకొనెను. పలువిధములైన వ్యంజనములును, ఓషధులును, ద్రవ్యములును గూడి యెట్లు రుచి పుట్టించునో, ఆ యన్నమును ఆరగించు మంచి మనస్సు గలవారు ఎట్లు సంతోషింతురో, అట్లే నానాభావముల కూడికచే పుట్టిన దానిని ప్రేక్షకులు ఆస్వాదింతురని ఆయన వివరణము. పాకమను మాటయు నట్టిదే. ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని కవిత్వమునకు పేరులు పెట్టితిమి. ఇట్లు వంటయింటినుండి మాటలు అప్పు తెచ్చుకొని కవి శైలిని గూర్చి శతాబ్దములుగా చర్చించితిమి. ఆ యప్పు తిరిగి చెల్లించినవారు మాత్రము అరుదు. ఇంట వండు మనుష్యునకు శైలి కలదా? కలదేని దానిని గుర్తించుట యెట్లు? గుర్తించినదానిని ఏ మాటలతో ఇతరులకు తెలుపవలెను? ఈ ప్రశ్నలను మన విమర్శ తగినట్లు ఎత్తుకొనలేదు.

ఇచ్చట నేను ఇంటివంటను గూర్చి మాత్రమే చెప్పుచున్నాను. పెండ్లిండ్లలో వందలమందికి వండువారికిని, హోటళ్ళలో వండువారికిని వృత్తి కలదు, కూలి కలదు, ఆ వృత్తిలో నొక పేరు కలదు. ఇంట దినమునకు రెండు మూడు మారులు పొయ్యి వెలిగించు మనిషికి, అనగా మన దేశమున చాలవరకు స్త్రీకి, ఈ మూడును లేవు. ఆమె పనిలో ఆమెదియైన యంశమెయ్యది యని అడిగినచో ఆమెయే చెప్పలేకపోవుట తరచు చూచుచున్నాము. చెప్పలేకపోవుటకు కారణము ఆమెకు తెలియకపోవుట కాదు. చెప్పుటకు వలయు భాషను సాహిత్యము ఆమెకు అందీయలేదు. ఈ మాట నిజమగునో కాదో మన గ్రంథములనే సాక్షికి పిలిచి చూతము.

మంచివంటకు మన భాషలో గల పెద్ద ప్రశంస నలభీమపాకము. ఈ పలుకుబడియొద్ద కొంచెము నిలువుడు. ఇరువురును పురుషులు. ఇరువురును రాజవంశీయులు. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని కొలువు చేరినపుడు తనకు అశ్వవిద్యతోపాటు అన్నసంస్కారమును తెలియునని చెప్పికొనెను. భీముడు విరాటుని వంటశాలలో వలలుడను పేర అజ్ఞాతవాసము గడపెను. ప్రశంసకు మనము ఏరుకొన్న యీ యిరువురును మారుపేరులతో పరుల కొలువున నున్నవారు. ఇంట వండినవారి పేరొక్కటియు ఆ పలుకుబడిలో లేదు.

కాని నలోపాఖ్యానమున మఱియొక ఘట్టము కలదు. ఇంటివంటను గూర్చి మన వాఙ్మయమున నింత సూక్ష్మమైన సాక్ష్యము మఱియొకటి నాకు కనబడలేదు. కర్కోటకుని కాటుచే నలుని రూపము మాఱిపోయెను. కుండినపురమునకు వచ్చిన పొట్టి సారథి తన భర్తయగునా యని దమయంతి సందేహించెను. కేశిని యను చెలికత్తెను పంపి అతని నడవడి కనిపెట్టించెను. చూచినంతనే కడవలు నీటితో నిండుట, గడ్డిపరక పట్టినంతనే నిప్పు రాజుట మొదలగు వింతలను కేశిని వచ్చి చెప్పెను. అంతటితో దమయంతి తృప్తి చెందలేదు. బాహుకుడు వండిన మాంసమును తెప్పించి రుచి చూచెను. చూచి, వండినవాడు నలుడేయని నిశ్చయించుకొనెను. పూర్వము నలుడు వండినదానిని ఆమె పలుమారు తిన్నదని వ్యాసుడు అచ్చటనే చెప్పినాడు. రూపము మాఱినది, పేరు మాఱినది, కొలువు మాఱినది. మాఱక నిలిచినది వంట యొక్కటి.

ఈ ఘట్టమునుండి రెండు విషయములు తేలుచున్నవి. వండువానికి తనదియైన తీరు కలదనియు, అది గుర్తింపదగినదనియు మొదటిది. ఆ గుర్తింపునకు చిరకాలము తిని యెఱిగిన యొక నాలుక కావలెననుట రెండవది. కావ్యమునకు సహృదయుడెట్లో యింటివంటకు ఆ నాలుక యట్లు. రాచవిందునకు వచ్చి యొకపూట తిని మెచ్చినవాడు దానిని గుర్తింపజాలడు. అయినను ఈ కథలో నొక కొఱత కలదు. నలుని వంటలోని రుచి వివాహసమయమున యముడిచ్చిన వరము. అనగా కథ ఆ నేర్పును సాధనకు ముడిపెట్టలేదు, వరముగా చూపినది. దమయంతి యెఱుక వరము కాదు, అలవాటున వచ్చినది. కావున ఈ కథలో నిజమైన విద్య తిన్నదానికే కలదు, వండినవానికి లేదు. అలవాటున నేర్చి వండిన చేయి మన కథలలో నింకను ప్రవేశింపలేదు.

ఇక అల్లసాని పెద్దనను చూతము. మనుచరిత్రమున ప్రవరుని యింటిని వర్ణించుచు, వేయిమంది అతిథులు వచ్చినను వండుటకు అలయని యిల్లాలు, అన్నపూర్ణకు సాటియైనదని ఆతడు ఆమెను మెచ్చికొనెను. ఆ పద్యము తెలుగువారి నోట నేటికిని నిలిచియున్నది. గృహిణి కింతకంటె గౌరవమేమున్నదని పెద్దలు ఉదాహరింతురు. గౌరవమే, సందేహము లేదు. ఆ గౌరవము దేనికి? సంఖ్యకు, అలయకపోవుటకు. ఆ పద్యమున ఆమెకు పేరు లేదు. అతని గృహిణి యను సంబంధము మాత్రము కలదు. ఆమె వండిన దేమి? రాత్రివేళ వచ్చిన యతిథికి పప్పు వండెనా, చారు కాచెనా? పద్యమునకు ఆ తలంపు లేదు. అలయని వంటమనిషిని దేవతగా చేసి పొగడుటలో నొక సౌకర్యము కలదు: దేవతకు విశ్రాంతి అక్కఱలేదు, అభిరుచియు అక్కఱలేదు.

అన్నపూర్ణాదర్శము కావ్యములతో ముగియలేదు. 1841లో జనించి 1909లో కీర్తిశేషురాలైన డొక్కా సీతమ్మగారు గోదావరిసీమలో లంకల గన్నవరమున ఆకలిగొని వచ్చినవారికి వేళాపాళ లేక అన్నము పెట్టిన మహనీయురాలు. లోకము ఆమెను అపరాన్నపూర్ణ యనెను. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజనపథకమునకు ఆమె పేరు పెట్టినది. అట్టి దాతృత్వమునకు ఎవరు తలవంపరు? కాని దాతృత్వమును మెచ్చు మాటలతోనే ప్రతి యింటి వంటను మెచ్చినచో చిక్కు వచ్చును. దానము చేయువారు తమ స్వత్వమును విడుచుచున్నారు. మనమిప్పుడు వెదకుచున్నది ఆ స్వత్వమునే.

పెద్దనను ఆదరించిన కృష్ణదేవరాయలు ఈ విషయమున పెద్దనకంటె నొక యడుగు ముందు వేసెను. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యాతిథ్యమును మూడు కాలములకు మూడు పద్యములలో వర్ణించెను. ముసురు పట్టిన వానకాలమున కలమాన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు తాలింపుకూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నెయ్యి. వేసవిలో నులివెచ్చని యన్నము, తియ్యని చారు, పలుచని యంబలి, చెఱకుపాలు, ఎడనీళ్ళు. చలికాలమున మిరియపుపొడి చల్లిన వేడికూరలు, ముక్కునకెక్కు ఆవఘాటు. ఇది సంఖ్యావర్ణనము గాదు. కాలమును చూచి వండు బుద్ధి యిందు కనబడుచున్నది. అన్నిటికంటె మిన్నయైన దొక చిన్న వివరము: వానకాలపు పద్యమున విష్ణుచిత్తుని భార్య కంటికి పొగ సోకకుండ ఎండిన కొబ్బరిచిప్పలను వంటచెఱకుగా వాడి వండెను. తడిసిన కట్టెల పొగలో కన్నులు నులుముకొన్నవారికి ఈ మాట విలువ తెలియును. వండు మనిషికి కన్నులు కలవనియు, అవి మండుననియు ఒక చక్రవర్తి గమనించినాడు.

అయినను పద్యముయొక్క వాక్యనిర్మాణమును పరికింపుడు. భార్య వండగా విష్ణుచిత్తుడు వడ్డించును. వాక్యమునకు కర్త వడ్డించువాడు. వండుట ఆ వాక్యమునకు లోబడిన యుపవాక్యము. ఏ కాలమునకేది తగునో నిర్ణయించిన బుద్ధి వంటయింటిది. దానివలన వచ్చిన కీర్తి పంక్తిలో గరిటె పట్టినవానిది. వ్యాకరణములోని యీ కర్తృత్వపు పంపిణీయే మన యిండ్లలోని పంపిణీ.

ఆధునికయుగమునకు వత్తము. 1897లో తొలిసారి అచ్చై, 1909లో విస్తరింపబడిన కన్యాశుల్కములో వంటచేసి బ్రదుకు స్త్రీ యొకతె కలదు. ఆమె వితంతువు, భోజనమునకు వచ్చినవారికి వండిపెట్టి డబ్బు గడించుచు ఎవ్వరిమీదను ఆధారపడక బ్రదుకుచున్నది. సరకులు తెచ్చెదనని ఆమెయొద్ద తీసికొన్న రూపాయలను గిరీశము వేఱొకచోట తగులబెట్టును. ఆమె చీపురుకట్ట పట్టుకొని అతనిని వెదకుచు వచ్చును. నాటకములోని యందఱిలో తన చెమటతో అన్నము తినుచున్నవారి లెక్క తీసినచో ఆమె ముందుండును. ఆమె పేరేమి? పూటకూళ్ళమ్మ. వృత్తియే పేరైనది. గురజాడవారు దానిని కావలసియే చేసిరని నా నమ్మకము. ఊరు ఆమెకు పేరు మిగుల్చలేదని చూపుటకు అంతకంటె సూటియైన మార్గము లేదు.

తరువాత నూఱేండ్లకు స్త్రీలే కలము పట్టి ఈ విషయము చెప్పిరి. పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ యను కథలో నొక గృహిణి ఇల్లలికి ముగ్గులు పెట్టి తీర్చిదిద్దుకొనుచు తన పేరు మఱచిపోవును. ఇరుగుపొరుగువారు చెప్పలేరు, భర్త చెప్పడు, పుట్టింటను దొరకదు. తుదకు చిన్ననాటి స్నేహితురాలు పిలిచిన పిలుపులో అది దొరకును. విమలగారి ‘వంటిల్లు’ అను కవితలో వంటయింటి గిన్నెలన్నిటిమీదను తండ్రి పేరే చెక్కబడియుండును. ఇత్తడిగిన్నెలమీద చుక్కలతో పేరు కొట్టించు ఆచారము నెఱిగిన తెలుగువానికి ఆ మాట మఱపునకు రాదు. తోమినదొకతె, వండినదొకతె, పేరు మఱియొకరిది.

ఇచ్చట నొక గట్టి యాక్షేపము వచ్చును. “వంటిల్లు చెఱయని స్త్రీలే చెప్పుచుండగా, ఆ చెఱలో వ్యక్తిత్వమును వెదకుకొమ్మని మీరు బోధించుట సంకెలకు పూత పూయుట కాదా?” ఈ యాక్షేపమును తేలికగా త్రోసివేయరాదు. బలవంతముగా చేయు పనిలో వ్యక్తిత్వము వికసించునని నేను చెప్పను. ఎవరు వండవలెనను ప్రశ్నకు పుట్టుకతోనే సమాధానము నిర్ణయమైన యింట, వంటను కళయని పొగడుట మోసమే. కాని దానికి ప్రతిక్రియగా వంటయందు తెలివియే లేదనుటయు అన్యాయమే. నలువది యేండ్లు వండినయొకతెతో “నీవు చెఱలో నుంటివి, నీ పని వట్టి చాకిరి” యని చెప్పినచో ఆమె నేర్చిన విద్యను రెండవమారు తుడిచివేసినట్లగును. చాకిరిని తగ్గింపవలెను, విద్యను గుర్తింపవలెను. ఈ రెండును ఒకదాని కొకటి విరోధులు కావు.

ఆ విద్య యెచ్చట నున్నది? దీనికి వంటలపుస్తకములు పనికివచ్చునా యని చూడవలెను. నలుని పేర పాకదర్పణమను సంస్కృతగ్రంథము కలదు. పండ్రెండవ శతాబ్దమున చాళుక్యరాజు సోమేశ్వరుడు మానసోల్లాసమున అన్నభోగమును వర్ణించెను. ఇవి రాజుల పుస్తకములు. ఇంగ్లీషున 1861లో పుస్తకరూపమున వచ్చిన మిసెస్ బీటన్ గృహనిర్వాహగ్రంథము లోకప్రసిద్ధము. కాని యందలి వంటలలో నధికభాగము ఇతరులనుండి సేకరింపబడినవి, రచయిత్రి యిరువదియెనిమిదవ యేట 1865లో మరణించెను. ఆ గ్రంథము మధ్యతరగతి గృహిణికి క్రమము నేర్పినది, స్వరము నేర్పలేదు.

మన దేశమున స్వరము గల పుస్తకములు కలవు. రవీంద్రనాథుని యన్నకూతురు ప్రజ్ఞాసుందరీదేవి ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో ‘ఆమిష్ ఓ నిరామిష్ ఆహార్’ అను సంపుటములను వంగభాషలో వ్రాసెను. తాను కల్పించిన వంటకములకు ఆమె పేరులు పెట్టెను: రామమోహనుని పేర నొక పులావు, ముత్తాత ద్వారకానాథుని పేర నొకటి, చనిపోయిన కూతురు సురభి పేర నొక పాయసము. కవియైన పినతండ్రి యేబదవ జన్మదినమునకు కాలీఫ్లవరుతో బర్ఫీ చేసి దానికిని పేరు పెట్టెను. మహాపురుషుల పేరులు కుటుంబగౌరవమునకై యుండవచ్చును. బిడ్డ పేర పాయసము మాత్రము ఏ రాజగ్రంథమునను దొరకునది కాదు. వంటకమొక స్మృతిచిహ్నము కాగలదని ఒక తల్లి అచ్చువేసి చెప్పినది. తమిళమున ఎస్. మీనాక్షి అమ్మాళ్ 1951లో ప్రకటించిన ‘సమైత్తుప్పార్’ బంధువులు మాటిమాటికి వంటల వివరము లడుగుటనుండి పుట్టిన పుస్తకము. పేరునకు అర్థమే వండి చూడుమని. తెలుగున మాలతీ చందూరుగారి ‘వంటలు – పిండివంటలు’ పెక్కు ముద్రణములు పొంది ఎన్ని యిండ్లలోనో పసుపుమరకలతో నలిగియున్నది. ఆమె ‘హృదయనేత్రి’ నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. విమర్శకులు నవలను చర్చించిరి. ఎక్కువమంది చదివినది వంటలపుస్తకమే. దానిని గద్యరచనగా చదువుట యెట్లో మనము నేర్చుకొనలేదు.

ఆ యభ్యాసము నొక్కమాటతో మొదలుపెట్టవచ్చును. తెలుగు వంటలపుస్తకములలో పప్పు పావుకిలో యనియు, చింతపండు నిమ్మకాయంత యనియు, నూనె నాలుగు చెంచాలనియు వ్రాసి, చివరకు వచ్చుసరికి “ఉప్పు తగినంత” యని వ్రాయుదురు. కొలతలన్నియు చెప్పిన గ్రంథము ఆ యొక్క చోట మౌనము వహించును. తగుననుటను నిర్ణయించు వారెవరు? పుస్తకము గాదు, వండుచున్న చేయి. సంస్కృతాలంకారికులలో పదునొకండవ శతాబ్దపు కాశ్మీరకవి క్షేమేంద్రుడు రసమునకు ప్రాణమైనది ఔచిత్యమనెను. ఔచిత్యమునకు అచ్చతెనుగు మాట తగుట. కావ్యశాస్త్రము వేయేండ్ల క్రిందట పట్టుకొన్న సూత్రమును మన వంటలపుస్తకము ప్రతి పుటలోను ఉప్పుప్రక్కన వ్రాయుచున్నది. ఇంటివంటలోని స్వీయత్వము నెచ్చట వెదకవలెనని యడిగినవారికి నా యుత్తరమిది: ఆ “తగినంత”లో వెదకుడు.

ఒక పులుసును తీసికొనుడు. పులుపు చింతపండుదా, పచ్చిమామిడిదా, చింతచిగురుదా? బెల్లము పడునా, పడదా? చిక్కదనమునకు బియ్యపుపిండి కలుపుదురా, శనగపిండి కలుపుదురా, కందికట్టు పోయుదురా, ఏమియు లేక మఱిగించి యినికింతురా? పోపులో మెంతులు ఎఱ్ఱబడువఱకు ఉంతురా, చేదు తగులునని ముందే దింపుదురా? ఇంగువయా, వెల్లుల్లియా? ఇన్నిచోట్ల ఇన్ని తగినంతలు. మా యింటనే దీనికి నిదర్శనము కలదు. మా తల్లిగారిది విజయనగరపు ప్రాంతము. ఆమె పులుసులో బెల్లము ముందు నిలుచును, ఆవ వెనుక వచ్చును. నా భార్యది ఓరుగల్లు. ఆమె పుట్టింట పచ్చిపులుసు పొయ్యి యెక్కదు. చింతపండురసములో పచ్చియుల్లియు, కాల్చిన మిరపయు, నువ్వులపొడియు కలిపి వడ్డింతురు. ఆమె మా యింట అడుగుపెట్టిన తొలి దినములలో చేసినది మా తల్లిగారి పులుసు. తన పులుసు చేయుటకు ఆఱేండ్లు పట్టెను. ఎవరును వలదనలేదు, ఎవరును అడుగనులేదు. ఇప్పుడు ఆమె చేయునది ఆ రెండును గాదు: బెల్లము చిటికెడు, నువ్వులపొడి గుప్పెడు, మఱుగు సగము. దీనికి విజయనగరపు పేరు చెల్లదు, ఓరుగల్లు పేరు చెల్లదు. ఇది ఆమె వంట. కోడలు పుట్టింటి పులుసు కాచుటకు ఎన్నేండ్లు పట్టునో దానిని బట్టి ఆ యింటి స్వాతంత్ర్యమును కొలువవచ్చునని నాకు తోచుచున్నది.

కావున వండువారు తమ్ముతాము మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నాకు అందినదేమి? నన్ను కట్టడి చేసినదేమి? నేను ఎన్నుకొన్నదేమి? తల్లి, అత్త, ఊరు, పొలము ఇచ్చినవి మొదటి ప్రశ్నకు సమాధానము. డబ్బు, కాలము, కట్టెలో గ్యాసో, ఇంటి రోగులకు పథ్యము, పిల్లల పేచీ రెండవదానికి. మొదటి రెంటిని చెప్పి ఊరకుండువారే యెక్కువ. మూడవదానిలోనే మనిషి యున్నది.

వీనిలో మొదటి ప్రశ్నను కొందఱు అహంకారమునకు వాడుకొనుచున్నారు. “మా కులపు వంట, మా తాతలనాటి రుచి” యని చెప్పి అంతటితో తమ్ము వివరించుకొంటిమనుకొందురు. ఇది చరిత్రకు నిలువదు. తెలుగువాని గుర్తుగా లోకము చెప్పు కారమునే తీసికొనుడు. మిరపకాయ అమెరికాఖండపు పంట. పోర్చుగీసువారి యోడలతో పదునాఱవ శతాబ్దమున మన దేశమునకు వచ్చినది. రాయలు వర్ణించిన చలికాలపు కూరలలో ఘాటు మిరియములది, ఆవాలది. వేరుసెనగ, టొమాటో, బంగాళాదుంప యన్నియు ఆవలియొడ్డునుండి వచ్చినవే. గోంగూరపచ్చడిలో ఎండుమిరపకాయ వేయుటకు మొదట సాహసించిన తెలుగుచేయి ఎవరిదో, ఆమె తన తాతలనాటి యాచారమును కాదని తనకు తగినంతను తానే నిర్ణయించినది. సంప్రదాయమనునది అట్టి వేలకొలది పేరులేని యెన్నికల మొత్తము. మడి పేర, కులము పేర పొయ్యిచుట్టు గీచిన గీతలు ఆ యెన్నికలను కుదించినవి. కొన్ని యిండ్లలో వెల్లుల్లి గడపదాటి రాకుండుటకు కారణము నాలుక కాదు. ఇష్టము లేక విడిచినది వేఱు, భయపడి విడిచినది వేఱు. ఈ భేదమును తెలిసికొన్ననాడు వండువారికి తమ వంట కొంత తెలిసినట్లు.

ఇక వివరించుటను గూర్చి. నేను తొమ్మిదవ తరగతి పిల్లలకొకమారు “మా యింటి వంట” యను విషయమిచ్చి వ్యాసము వ్రాయుమంటిని. నలువదిమందిలో ముప్పదిమందికి పైగా తమ తల్లి వంట చాల బాగుండుననియు, అమృతమువలె నుండుననియు వ్రాసి ముగించిరి. అమృతమును రుచి చూచినవారు వారిలో నెవరును లేరు. ఒక బాలిక మాత్రము ఇట్లు వ్రాసెను: తన తల్లి పోపు వేయునప్పుడు చూడదనియు, వినుననియు, ఆవాలు చిటపటలాడుట తగ్గినచో ప్రక్కగదినుండియే వచ్చి కరివేపాకు వేయుననియు, పప్పులో ఉప్పు సరిపోయినదో లేదో నోట వేసికొనక, ఆవిరి వాసన పట్టి చెప్పుననియు. ఒక బాలుడు తన యింట తండ్రియే వండుననియు, వంకాయను నిలువుగా గాక చక్రములుగా కోయుననియు వ్రాసెను. తరగతి నవ్వెను. ఆ రెండు వ్యాసములలో ఇరువురు మనుష్యులు కనబడిరి. మిగిలిన ముప్పదింటిలో నొక్క అన్నపూర్ణ మాత్రము కనబడెను. పిల్లలను తప్పు పట్టలేము. పెద్దనవారి పద్యమును కంఠస్థము చేయించినది మేమే.

వివరణమనగా విశేషణములు పేర్చుట గాదు. అమోఘము, అద్భుతము, అమృతప్రాయము అను మాటలు వంటను కప్పిపుచ్చును. క్రియలు చెప్పవలెను: వినుట, వాసన చూచుట, ముందే దింపుట, తిరిగి మఱిగించుట, ఒకటి మానుట. మంచి విమర్శకుడు కావ్యమును గూర్చి చేయునదియు నిదియే. ఈ పద్యము బాగున్నదని చెప్పి యూరకుండడు, ఏ మాటను ఏల ఎంచెనో చూపును. నేడు యూట్యూబులో వంటలు చూపు గృహిణులు కొందఱు ఈ పనిని తెలిసియో తెలియకయో చేయుచున్నారు. కొలత చెప్పుచు చెప్పుచు ఆగి, “మా యమ్మ ఇట్లు చేసెడిది, నేను మాత్రము ఇట్లు చేయుదును” అనుచున్నారు. ఆ “నేను మాత్రము” అను రెండు మాటలకై మన గద్యము చాలకాలము వేచియున్నది.

ఆచరణమున కొన్ని పనులు సులభముగా చేయదగినవి కలవు. ప్రతి యింటను ఒక నోటుపుస్తకముండవలెను. అందు వంటకముతోపాటు ఎవరినుండి నేర్చినదియు, ఏమి మార్చినదియు, మార్చుటకు కారణమును వ్రాయవలెను. వ్రాయుట రానివారిచే చెప్పించి పిల్లలు వ్రాయవలెను. ఏ తెలుగువాచకమును నేర్పలేని క్రియాపదములు వారికి అందువలన వచ్చును. పురుషులు వంటయింటికి సాయమునకని కాక బాధ్యతకై రావలెను. వంతు గలిగినప్పుడే ఒకరి తగినంతకును మఱియొకరి తగినంతకును భేదము తెలియును. వండుట మానుకొను హక్కు లేనిచోట వండుట ఒకరి యెన్నిక యెన్నటికిని కానేరదు. తినువారికిని పని కలదు. దమయంతివలె తినవలెను. ఉప్పు తక్కువైనప్పుడు మాత్రమే నోరు విప్పు భర్తలు ఇరువదియేండ్లు తినియు, కన్నులు మూసి పెట్టిన ముద్దను ఎవరు వండినదో చెప్పలేరు.

మన భాషలో “అమ్మచేతివంట” యను చక్కని మాట కలదు. అందు సంబంధము కలదు, చేయియు కలదు. ఆ చేయిగల మనిషి పేరును, ఆమె యెన్నికలను, ఆ మాటప్రక్కన వ్రాయుట యొకటే మిగిలియున్నది. అది వ్రాయబడునప్పుడు వంటలపుస్తకములలో “ఉప్పు తగినంత” యని యుండుటను లోపముగా నెంచనక్కఱలేదు. ఆ చోటు వండువారి సొంతమని పాఠకులకు తెలియును.